డాబా మీద తెల్లపూత, దాని వెనుక ప్రభుత్వ విధానం: ఏడాది గడిచాక నా అంచనా

హైదరాబాదులో ఉప్పల్ వైపు 200 గజాల స్థలంలో కట్టుకున్న ఇంట్లో మేము పై అంతస్తులో ఉంటాము. స్లాబు నేరుగా నెత్తి మీద ఉన్నవాళ్లకు మే నెల ఎలా గడుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు చీకటి పడ్డాక దాన్ని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది, ఫ్యాను వేస్తే పైన పేరుకున్న వేడిగాలే కిందికి వస్తుంది, పడుకుందామని రాత్రి పదింటికి అటక మీది చాప దించితే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా తగులుతుంది. డెబ్బై దాటిన మా అమ్మ రెండు వేసవులు తడిపిన తువ్వాలు మీద వేసుకుని హాల్లో నేల మీద పడుకోవడం చూశాక, 2025 మార్చిలో డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయించాను. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి కనుక ఆ పూత ఎలా పనిచేసిందో ఇప్పుడు చెప్పగలను. దానితో పాటు, ఇంటిని వేడి నుంచి కాపాడుకోవడానికి ప్రభుత్వాలు పెట్టిన ప్రమాణాలు, ఇస్తున్న తోడ్పాటు మాలాంటి ఇళ్ల దాకా ఎంత వరకు వచ్చాయో కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బా కొనేటప్పుడు నాకు ఎక్కువ తికమక కలిగించినది ఆ రెండో సంగతే.

ముందు పూత గురించి. మేము వాడినది నీళ్లలో కలిసే అక్రిలిక్ రకం, ఎండిన తర్వాత రబ్బరులా కొద్దిగా సాగుతుంది కాబట్టి స్లాబులోని సన్నని నెర్రెలను కప్పుతుంది. దుకాణంలో అన్ని డబ్బాల మీదా ఒకే మాట పెద్ద అక్షరాలతో ఉంటుంది: ఎస్‌ఆర్‌ఐ ఇంత అని. ఇది సౌర ప్రతిఫలన సూచిక, అంటే ఒక ప్రామాణికమైన నల్లని ఉపరితలానికి సున్నా, ప్రామాణికమైన తెల్లని ఉపరితలానికి 100 అని పెట్టుకుని, మిగతావాటిని ఆ రెంటితో పోల్చి వేసే మార్కు. మంచి పూతకు అది 100 దాటవచ్చు కూడా. ఆ అంకెలో రెండు గుణాలు కలిసి ఉంటాయి. ఎండలో ఎంత భాగాన్ని వెనక్కి పంపుతుందనేది ఒకటి, లోపలికి చొరబడిన వేడిని ఎంత తొందరగా ఆకాశంలోకి వదిలేస్తుందనేది రెండోది. కేంద్ర ప్రభుత్వపు ఇంధన పొదుపు భవన నియమావళి, అందరూ ఈసీబీసీ అని పిలిచేది, 2017 కూర్పులో సమతలపు కప్పులకు ఈ రెంటినీ విడివిడిగా చెప్పింది: మొదటిది కనీసం 0.60, రెండోది కనీసం 0.90 ఉండాలి. కొనేవాళ్లు డబ్బా మీది పెద్ద అంకె ఒక్కటే చూడకుండా ఈ రెండు అంకెలనూ, వాటిని పరీక్షించిన పత్రాన్నీ అడగాలి. నేను అడిగితే దుకాణదారు మొదట తెల్లబోయాడు, తర్వాత ఫోన్లో ఎవరినో అడిగి ఒక కాగితం తెప్పించాడు. కాగితం బాగానే ఉంది గాని, అందులోని అంకెలన్నీ కొత్తగా వేసిన పూతవే. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

డాబా విస్తీర్ణం సుమారు 1,200 చదరపు అడుగులు. ఇరవై లీటర్ల డబ్బాలు మూడు పట్టాయి, కొద్దిగా మిగిలింది. నెర్రెలు పూడ్చడం, నాచు గీకి కడగడం, ప్రైమరు, రెండు కోట్లు, కూలి అన్నీ కలిపి 36 వేల రూపాయలు దాటలేదు. పనిలో నా నిర్లక్ష్యం కొంత, పనివాళ్ల తొందర కొంత ఉన్నాయి. నీళ్ల ట్యాంకు వెనుక తూర్పు మూలలో దుమ్ము సరిగా కడగకుండానే మొదటి కోటు వేసేశారు, నేను ఆ రోజు ఆఫీసులో ఉన్నాను. ఆగస్టు వానలకు సరిగ్గా ఆ మూలే అప్పడంలా ఉబ్బి, చాప మడత అంత వెడల్పున ఊడి వచ్చింది. మిగతా డాబా అంతా గోరుతో గీకినా రాలేదు. అంటే తప్పు పూతది కాదు, కింద ఉండిపోయిన దుమ్ముది. ఈ పని చేయించేవాళ్లకు నా మొదటి సలహా: రెండు కోట్లు ఎంత శ్రద్ధగా వేశారో చూడటం కన్నా, మొదటి కోటుకు ముందు డాబాను ఎంత శ్రద్ధగా కడిగారో దగ్గరుండి చూసుకోవాలి. రెండు కోట్లకూ మధ్య డబ్బా మీద రాసినంత విరామం ఇవ్వాలి. వాలు సరిగా లేక నీళ్లు నిలిచే డాబా అయితే ముందు వాలు సరిచేయించాలి, లేకపోతే ఎంత ఖరీదైన పూతైనా నిలవదు.

ఫలితం సంగతి. మే నెల మధ్యాహ్నం మునుపు చెప్పులు లేకుండా డాబా మీద పది అడుగులు వేయలేకపోయేవాళ్లం. ఇప్పుడు వడియాలు పెట్టడానికి అమ్మ వట్టి కాళ్లతో నడిచి వెళ్లింది. తెల్లని మెరుపుకు కళ్లు చెదురుతాయి కాబట్టి నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంటే వినలేదు. హాల్లో గోడకు తగిలించిన మామూలు థర్మామీటరు 2024 మే నెలలో రాత్రి పదింటికి చాలా రోజులు 36 డిగ్రీలు చూపేది, 2025లో అదే వేళకు 33కూ 34కూ మధ్య నిలిచింది. రెండేళ్ల ఎండలు ఒక్కలా ఉండవు కనుక ఆ తేడా మొత్తాన్ని పూత ఖాతాలో వేయను. కానీ తేడా రాత్రిపూట బాగా తెలియడానికి కారణం ఉంది. అయిదారు అంగుళాల కాంక్రీటు గుండా వేడి దిగిరావడానికి కొన్ని గంటలు పడుతుంది, మధ్యాహ్నపు ఎండ మన మంచం మీదికి చీకటి పడే వేళకు చేరుతుంది. ఆ వేడిని పైననే ఆపితే, మేలు తెలిసేది కూడా రాత్రికే. పగలు కిటికీల గుండా, పడమటి గోడ గుండా వచ్చే వేడిని ఈ పూత ఏమీ చేయలేదు, చేస్తుందని ఎవరైనా చెప్పి అమ్మితే నమ్మవద్దు. మేము మునుపు నడి రాత్రి దాకా వాడిన కూలరును ఇప్పుడు పదకొండింటికి ఆపేస్తున్నాము.

ఇంకా పెద్ద ఎత్తున చూసినవాళ్ల అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. 2017లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ఎన్‌ఆర్‌డీసీ (అమెరికాకు చెందిన పర్యావరణ సంస్థ) కలిసి బంజారాహిల్స్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని పాలిథిన్ పొర పరిచి చూసినప్పుడు, పొర లేని ఇళ్ల కన్నా లోపల సగటున 2 డిగ్రీలు తక్కువగా నమోదైంది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. ఏసీ లేని ఇంట్లో, రాత్రంతా, రెండు నెలల పాటు అనుభవించే రెండు డిగ్రీలవి.

ఆ ప్రయోగం లాంటివాటి వెంటే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న 2023-28 కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని విడుదల చేసింది. అయిదేళ్లలో రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లని కప్పులుగా మార్చాలని, అందులో 200 హైదరాబాదులోనే ఉండాలని అందులో లక్ష్యం పెట్టారు. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు స్థలం ఎంతదైనా ఇది తప్పనిసరి. నివాస గృహాల్లో 600 గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికి తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. తప్పనిసరి అయినచోట చల్లని కప్పు ఉంటేనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలన్నది నియమం. తెల్లపూత, సున్నం, పొరలు, తెల్లని టైల్సు, పచ్చని మొక్కల కప్పు, దేన్నైనా ఎంచుకోవచ్చు. విడుదల నాడు అప్పటి మంత్రి కేటీఆర్ చదరపు మీటరుకు 300 రూపాయలకు మించదని చెప్పారు. నాకు అయిన ఖర్చు ఆ లెక్కకు కొంచెం పైన, అంతే. వేడిని ప్రజారోగ్య సమస్యగా గుర్తించి ఒక రాష్ట్రం కప్పుల గురించి విడిగా విధానం తేవడం చిన్న సంగతి కాదు, నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

అయితే ఇదే కప్పు గురించి కేంద్రం దగ్గర ఇంకో కొలబద్ద ఉంది. 2018 డిసెంబరు 14న విడుదలైన ఎకో నివాస్ సంహిత ఇళ్ల కోసమే రాసిన నియమావళి. రాష్ట్రాలు తమ భవన నిబంధనల్లో చేర్చుకుంటే అది అమలులోకి వస్తుంది. అందులో కప్పుకు అడిగేది తెల్లదనం కాదు, యూ విలువ 1.2కు మించకూడదని. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటిపోతుందో చెప్పే అంకె అది. ఏ రక్షణా లేని ఆరంగుళాల స్లాబుకు అది 3కి పైగా ఉంటుంది. ఇక్కడే నా తికమక మొదలైంది. పూత మందం మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి ఎంత తెల్లగా వేసినా యూ విలువ తగ్గదు. అంటే నా డాబా రాష్ట్రం చెప్పిన దారిలో చక్కగా ఉత్తీర్ణమవుతుంది, కేంద్రం చెప్పిన దారిలో వేయకముందు ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది. యూ విలువ తగ్గాలంటే స్లాబు మీద వేడిని అడ్డే పలకలు పరిచి, పైన మళ్లీ సిమెంటు వేసి, దాని మీద పూత వేయాలి. గట్టి థర్మోకోల్ జాతి పలక రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్నా లెక్క ప్రకారం 1.2 కిందికి దిగుతుంది, కానీ ఖర్చు పూత కన్నా ఎన్నో రెట్లు, ఉన్న ఇంటి మీద చేయించడం పెద్ద పని.

నా అభిప్రాయంలో ఈ రెండు కొలబద్దలూ సరైనవే, అవి కొలిచేవి వేరు. ఒకటి ఎండను లోపలికి రానీయకపోవడం, రెండోది వచ్చిన వేడిని దాటనీయకపోవడం. ఏసీ వేసుకునే ఇంటికి రెండూ కావాలి, ఎందుకంటే డబ్బు పెట్టి చల్లబరచిన గదిలోకి స్లాబు గుండా వేడి రాకూడదు. ఫ్యాను మీద బతికే ఇంటికి తెల్లపూతే ముందు కావాలి, పైగా తెల్లవారేలోగా స్లాబు చల్లారడానికి దారి ఉంటుంది. మన పెద్దలకు ఈ అంకెలు తెలియకపోయినా పని తెలుసు. రాయలసీమ మట్టిమిద్దెల మీద ఏటా వానలకు ముందు చౌడు పరచడం వాన కోసమే అయినా, ఆ జానెడు మందం మట్టే ఎండకు అడ్డు. పాతబస్తీ ఇళ్ల డంగుసున్నపు కప్పుల్లో మందమూ ఉంది, తెల్లదనమూ ఉంది. సిమెంటు స్లాబు వచ్చాక ఆ రెంటినీ వదిలేసి, తర్వాత నియమావళులు రాసుకున్నాము.

రెండు కొలబద్దలూ కలిసేది మాత్రం ఒకచోట ఉంది. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు వర్తిస్తుంది. 600 గజాలను మీటర్లలోకి మారిస్తే సుమారు 502 వస్తుంది. రెండు ప్రభుత్వాలూ గీత ఒకేచోట గీశాయి, మాలాంటి 200 గజాల ఇళ్లు, 100 గజాల ఇళ్లు, 60 గజాల్లో లేచిన రెండంతస్తులు రెంటికీ బయటే మిగిలాయి. హైదరాబాదు కాలనీల్లో నడిచి చూడండి, 600 గజాల ఇల్లు వీధికి ఒకటి దొరికితే గొప్ప. చిన్న ఇంటి యజమాని నెత్తిన ఇంకో నిబంధన పెట్టకూడదన్న ఆలోచన నాకు అర్థమవుతుంది, నిర్బంధం నేనూ కోరను. కానీ నిర్బంధించని చోట తోడ్పాటు రావాలి కదా. నా అసంతృప్తి అంతా ఆ తోడ్పాటు గురించే. పూత వేయించే ముందు, ఇంటి పన్నులో ఏమైనా తగ్గింపు ఉందేమోనని ఒక కార్యాలయానికి రెండుసార్లు వెళ్లాను. మర్యాదగానే మాట్లాడారు, కానీ మొదటి కిటికీలో ఉన్నాయనకు ఈ విధానం పేరే తెలియదు, రెండోసారి కలిసినాయన “మీది ఐచ్ఛికం సార్, మీ ఇష్టం” అని చెప్పి పంపారు. 36 వేలూ నా జేబులోంచే పెట్టాను.

అదే డాబా మీద సౌర ఫలకాలు పెట్టుకుంటానంటే పరిస్థితి వేరు. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేల చొప్పున, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78 వేల రూపాయల రాయితీ ఇంటి యజమాని ఖాతాలోకి వస్తుంది. అది మంచి పథకం, ఫలకాల నీడకు స్లాబు కొంత చల్లబడుతుంది కూడా. అయితే కరెంటు పుట్టించడానికి 78 వేలు ఇవ్వగలిగినప్పుడు, కరెంటు అవసరమే తగ్గించే పనికి అందులో పదో వంతైనా ఇవ్వవచ్చు. పన్ను విషయమూ చూడండి: 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, రంగుల మీద 18 శాతం 2018 నుంచీ అలాగే ఉంది. గదిని చల్లబరిచే యంత్రానికీ, గది వేడెక్కకుండా ఆపే పూతకూ ఇప్పుడు ఒకే పన్ను. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే, తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు గృహజ్యోతి కింద కరెంటు ఉచితం కాబట్టి, ఆ ఇళ్లలో వేసవి వాడకం తగ్గితే మిగిలేది ప్రభుత్వ ఖజానాకే. అంటే చిన్న ఇళ్ల కప్పులకు పెట్టే ఖర్చులో కొంత ప్రభుత్వానికి తిరిగి వచ్చేదే.

ఈ పని ఎలా చేయవచ్చో అహ్మదాబాద్ చూపించింది. 2010 మే నెల వడగాడ్పులకు ఆ నగరంలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నారు, 2017లో దాదాపు 3,000 పేద ఇళ్ల కప్పులకు సున్నం వేయించారు. ఖరీదైన పూత కాదు, మనం దీపావళికి గోడలకు వేసే సున్నమే. ఏటా వేయాలి, వానకు పోతుంది, కానీ ఆ వేసవికి పనిచేస్తుంది.

ఈ తోడ్పాటు ఎవరికి ముందు అందాలో మా వీధిలోనే చూశాను. మాకు మిగిలిన అయిదారు లీటర్ల పూతను వీధి చివర ఇస్త్రీ చేసే కుటుంబం ఉండే ఒంటి గదికి వేయించాము. సిమెంటు రేకుల కప్పు, ఎత్తు ఏడడుగులు, లోపల రోజంతా బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఒక బల్ల, తొట్టిలో పసిబిడ్డ. రేకుకు స్లాబులాంటి మందం లేదు కాబట్టి పగటి ఎండ గంటల తరబడి ఆగకుండా అప్పటికప్పుడే లోపలికి దిగుతుంది, పూత వేస్తే తేడా కూడా ఆ రోజే తెలుస్తుంది. మరుసటి మధ్యాహ్నం ఆ ఇంటావిడ బల్ల మీదికెక్కి రేకుకు లోపలి నుంచి చెయ్యి ఆనించి, “అన్నా, నిన్న ఇక్కడ చెయ్యి పెట్టనీయలేదు” అని చూపించింది. మా స్లాబుకు 36 వేలు పెట్టి సాధించిన దానికన్నా, ఆ మిగిలిన డబ్బా అడుగు చేసిన మేలు ఎక్కువ. ఆ గది ఏ నియమావళి గీతలోకీ రాదు, దానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేదు, అందులో ఉండేవాళ్లు అద్దెకున్నవాళ్లు. రేకుల ఇళ్లకు వేసవికి ముందు వార్డు వారీగా పూతో, సున్నమో వేయించడం, ఇందిరమ్మ ఇళ్లకు ఇచ్చే 5 లక్షల సాయంలో చివరి విడతకు కప్పు పూతను ముడిపెట్టి దాని ఖరీదు విడిగా కలపడం, ఈ రెండూ చేస్తే 300 చదరపు కిలోమీటర్ల లక్ష్యానికి అర్థం వస్తుంది.

పూత వయసు గురించి మళ్లీ వస్తానన్నాను. చలికాలం చివరికి మా డాబా తెల్లగా లేదు, పాలలో దుమ్ము కలిపిన రంగుకు వచ్చింది. హైదరాబాదు దుమ్ముకు అది సహజమే. ఈసీబీసీ అడిగే 0.60 కొత్త పూతకు చెందిన అంకె. కాలిఫోర్నియా నియమావళిలో సమతలపు కప్పుకు అడిగే 0.63 మూడేళ్లు ఎండావానల్లో ఉన్న తర్వాతి అంకె. కొనేవాడికి పనికొచ్చేది రెండో రకమే, ఎందుకంటే నేను ఈ పూత కింద బతకబోయేది మొదటి వారం కాదు, అయిదారేళ్లు. మన ప్రమాణాల్లో కూడా వయసు మళ్లిన పూత అంకెను డబ్బా మీద అచ్చు వేయించడం తప్పనిసరి చేస్తే, దుకాణంలో నాలాగా కాగితం కోసం వేచి ఉండే పని ఉండదు.

విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. కప్పుతో పాటు కిటికీలు కూడా చూసుకోండి. ఎకో నివాస్ సంహిత మీ వాతావరణానికి తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం ఆరో వంతు ఉండాలంటుంది, హైదరాబాదుకు ఎనిమిదో వంతు చాలంటుంది. గాలి ఆడని ఇంటికి తెల్లపూత వేసినా సగం ప్రయోజనమే.

అయిదు మార్కులకు పూతకు నాలుగు ఇస్తాను, మెరుపుకూ, వానలో జారుడుకూ ఒకటి తగ్గించి. నాచు పట్టిన రోజుల్లో పెద్దవాళ్లను డాబా మీదికి పంపవద్దు. రాష్ట్ర విధానానికి మూడు, చిన్న ఇళ్లకు అందే తోడ్పాటుకు ఒకటి. ఉగాదికి ముందు డాబా మొత్తం మెత్తని చీపురుతో, నీళ్లతో కడిగించాలి, కడిగితే తెల్లదనం చాలా వరకు తిరిగి వస్తుంది. ట్యాంకు వెనుక ఊడిన మూలను గీకించి, ఈసారి నేను దగ్గరుండగా ప్రైమరు నుంచి మళ్లీ వేయించాలి. ఆ మూలకు రెండు లీటర్లు చాలు, అయినా ఇరవై లీటర్ల డబ్బానే తెప్పిస్తున్నాను. ఇస్త్రీ గది పక్కన ఇంకో మూడు రేకుల గదులున్నాయి.